ఒకే మూతికి మాస్కూ ఈలా

ఆ బజారు వర్తకుల సంఘంలో ఒక పద్ధతి ఉంది. మీటింగులో ఎవరు ప్రశ్న అడిగితే ఆ పని వాళ్ల నెత్తినే పెడతారు. కుర్చీలు సరిపోతాయా అని నోరు జారిన చెప్పుల షాపాయన ఇవాళ్టికీ కుర్చీలు మోస్తూనే ఉన్నాడు. మైకు గరగరలాడుతోందేమిటని అడిగిన టైలరు, పాపం, మిషను పక్కనపెట్టి వైర్లు అతికించుకుంటూ ఉంటాడు. అందుకని అధ్యక్షుడు చివర్లో "ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అనేసరికి హాలు హాలంతా తల వంచుకుని కాళ్లకేసి చూసుకుంటుంది. ఆ నిశ్శబ్దానికి అధ్యక్షుడు పెట్టిన పేరు ఏకగ్రీవం.

ఇది తెలియని మనిషి కాదు వదిన. భర్తతో కలిసి ఆ బజార్లోనే డ్రైక్లీనింగ్ షాపు నడుపుతోంది. ఆమెను వదినా అని పిలిచే హక్కు నిజానికి ఒక్కడిదే. షాపు పక్కన ఇరుకు గదిలో గడియారాలు బాగుచేసే మరిదిది. వాడు పొద్దస్తమానం గోడ అవతలినుంచి వదినా, వదినా అని కేకలు పెడుతుంటే, విని విని బజారంతా అదే పిలుపు అందుకుంది. ఆమెకు తండ్రి వయసున్న వాళ్లు కూడా వదినా అనే అంటారు. ఆమె విసుక్కోవడం కూడా ఎప్పుడో మానేసింది.

మరిదికి బజారు పెట్టిన పేరు చిన్నముల్లు. గడియారంలో చిన్నముల్లు ఎంత చురుగ్గా కదులుతుందో వాడూ ఏ పనికైనా అంతే చురుగ్గా కదులుతాడు. కానీ కుడికంటికి నల్లటి భూతద్దం బిగించి, ఆవగింజంత మరను పట్టకారుతో పట్టుకున్నప్పుడు మాత్రం వాడంత వాడు లేడు. ఎడమకన్ను పుట్టుకనుంచీ మందమే, దానితో మనిషి ఆకారం తప్ప ముఖం కనిపించదు. బతుకంతా ఆ కుడికంటి మీదే నడుస్తోంది. ఆ సంగతి వాడు మర్చిపోతాడు గానీ వదిన మర్చిపోదు.

సంఘం ఏటా క్రికెట్ పోటీలు పెట్టేది. ఈసారి అధ్యక్షుడికి కొత్త బుద్ధి పుట్టింది. గన్నులతో ఆడే ఆటట, పెయింట్‌బాల్ అంటారట. గన్నులోంచి రంగు నింపిన గోళీలు దూసుకొస్తాయి. తగిలితే పగిలి రంగు అంటుకుంటుంది. అంటుకున్నవాడు అవుట్. గన్నులూ మాస్కులూ గోళీలూ అద్దెకు దొరుకుతాయి. బజారు వెనక పాత గోడౌను ఖాళీస్థలం ఎటూ ఉంది. చుట్టూ వల కట్టి నాలుగు డ్రమ్ములు, పది టైర్లు పడేస్తే యుద్ధభూమి తయారు. అందరూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. చిన్నముల్లు అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఆ చప్పట్లు చూసే వదిన నోరు ఊరుకోలేదు.

"బాబాయ్ గారూ, అది కంటికి తగిలితే?"

హాల్లో ఉన్న వాళ్లంతా ఒక్కసారి హమ్మయ్య అనుకున్నారు. అధ్యక్షుడి ముఖం వెలిగిపోయింది.

"మంచి ప్రశ్న వేశావమ్మా! అయితే ఇక భద్రత బాధ్యత నీదే."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. పక్కన కూర్చున్న భర్త, "నీకెందుకే ఈ గొడవ?" అని నెమ్మదిగా అన్నాడు. ఆయన నెమ్మదిగా అన్నవన్నీ ఆలస్యంగానే వస్తాయి.

బాధ్యత అయితే ఇచ్చారు గానీ దానితోపాటు ఇచ్చినవి రెండే. ఒకటి పసుపుపచ్చ కోటు, రెండోది ఎర్రతాడు కట్టిన స్టీలు ఈల. గన్నులు అద్దెకిచ్చే అతను వచ్చి ఆమెకు అన్నీ విడమరిచి చెప్పి వెళ్లాడు. వల లోపల ఉన్నంతసేపూ మాస్క్ తియ్యకూడదు, ఒక్క క్షణం కూడా. ఆడేవాళ్లే కాదు, అవుటైనవాళ్లూ, రిఫరీలూ, ఎవరైనా సరే. ఎవరి ముఖం మీద మాస్క్ లేకపోయినా వెంటనే ఆట ఆపాలి. వల దాటగానే గన్ను మూతికి గుడ్డ తొడగాలి. ఆటకు ముందు ఒక్కో గన్నూ గోళీని ఎంత వేగంతో విసురుతోందో మీటరు పెట్టి చూడాలి. మిగతా ఒంటికి తగిలితే వాత తేలుతుంది, పోతుంది. కంటికి తగిలితే మాత్రం కన్ను పోతుంది. అతను ఆ మాట వాన వస్తే తడుస్తారు అన్నంత మామూలుగా అన్నాడు.

ఆ సాయంత్రం షాపులో హ్యాంగర్ల మధ్య నిలబడి వదిన మాస్క్ పెట్టుకుని చూసింది. నుదుటినుంచి గడ్డం కిందిదాకా ముఖమంతా మూసేసింది. బాగానే ఉంది అనుకుంది. ఈల తీసి నోటి దగ్గర పెట్టుకోబోయింది. టక్కుమని ప్లాస్టిక్‌కు తగిలింది. ఇంకోసారి పెట్టింది. మళ్లీ టక్కుమంది.

ఇస్త్రీ చేస్తున్న భర్త తలెత్తి చూశాడు. "తలుపు ఎవరో కొడుతున్నారు" అన్నాడు.

"తలుపు కాదండీ, నా ముఖం."

మర్నాడు పొద్దున్నే అధ్యక్షుడి ఫర్నిచర్ షాపుకు వెళ్లింది. ఆయన్ని బజారంతా సోఫా బాబాయ్ అంటుంది. కొత్త సోఫాలకు ఉన్న ప్లాస్టిక్ కవర్లు ఆయన తియ్యడు, ఎవర్నీ తియ్యనివ్వడు, తను కూర్చునే సోఫాకి కూడా. అందువల్ల ఆయన ఏం మాట్లాడినా కిందనుంచి కిర్రుకిర్రుమని చప్పుడు వస్తూ ఉంటుంది.

"బాబాయ్ గారూ, మాస్క్ పెట్టుకుంటే ఈల ఊదడం కుదరట్లేదండీ."

"అలవాటు లేక అమ్మా. ఊదగా ఊదగా వస్తుంది."

"ఊదడం రాక కాదండీ. మాస్క్ నోటికి అడ్డం. నోరు లోపల, ఈల బయట."

"దానిదేముంది? కాస్త పైకెత్తి, ఊదేసి, దించేసుకో."

"మాస్క్ ఎత్తకూడదన్నదే కదండీ రూలు! ఎత్తినవాళ్లను ఆపడానికి నేను ఎత్తాలా?"

"నువ్వు ఆడట్లేదు కదమ్మా. నిన్నెవరు కొడతారు?"

"నేను ఆడట్లేదని గోళీకి తెలుస్తుందా?"

సోఫా బాబాయ్ నవ్వాడు. సోఫా కిర్రుమంది. "స్టీలు ఈలమ్మా అది. ప్లాస్టిక్‌ది కొంటారా అంటే వద్దని చెప్పి నేనే దగ్గరుండి ఎంచి తెచ్చాను. నువ్వేం కంగారుపడకు."

వదిన ఇంటికొచ్చి ఇదే విషయం సంఘం గ్రూపులో పెట్టింది. మాస్క్‌తో ఈల ఊదలేం, చేత్తో మోగించేది ఏదైనా కావాలి అని స్పష్టంగా రాసింది. జవాబుగా ఒక గులాబీ బొమ్మ వచ్చింది. తర్వాత రెండు దణ్ణాలు వచ్చాయి. మందుల షాపాయన "శుభోదయం" అన్నాడు. ఆమెకు ఒళ్లు మండి ఫోను తువ్వాళ్ల బుట్టలో పడేసింది.

చివరికి తన తిప్పలు తనే పడింది. సైకిల్ షాపు అటకమీద దుమ్ము కొట్టుకుపోయిన పాత హారన్ ఒకటి దొరికింది. రబ్బరు బుడ్డి నొక్కితే పాం అంటుంది. ఆ పాం అనేది ఎంత దూరం వెళ్లిందంటే, ప్రాక్టీసు రోజున ఆమె ఒక్కసారి నొక్కేసరికి వల లోపల అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. వదినకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత వాళ్లంతా కడుపు పట్టుకుని నవ్వారనుకోండి, అది వేరే సంగతి. మర్నాటి నుంచి ఆమె బజార్లో నడుస్తుంటే రెండు వైపులా షాపుల్లోంచి పాం, పాం అని వినిపించేది. నవ్వుకోనీ, ఆగితే చాలు అనుకుంది.

అసలు బాధ చిన్నముల్లుతో. ప్రాక్టీసులో వాడికి గోళీ తగిలింది. తగలడం ఆలస్యం, మాస్క్ నుదుటిమీదికి తోసేసుకుని షికారుకొచ్చినట్టు నడిచి వస్తున్నాడు. వదిన హారన్ నొక్కి, ఆట ఆపి, వాడి దగ్గరకు పరుగెత్తింది.

"ఏరా, మాస్క్ ఏది?"

"నేను అవుట్ కదా వదినా. చచ్చినవాణ్ణి మళ్లీ ఎవరు చంపుతారు?"

"చచ్చినవాడికి కూడా కళ్లుంటాయిరా! నీకైతే ఉన్నదే ఒకటి!"

"అబ్బా, అద్దానికి ఆవిరి పట్టేస్తోంది వదినా. ఏమీ కనిపించి చావట్లేదు."

"బయటికొచ్చి తుడుచుకో. చేత్తో వల పట్టుకుని తడుముకుంటూ రా. గుడ్డివాడిలా రా, పర్లేదు. నిజంగా గుడ్డివాడివై రాకు."

వాడు చెంపలు వాయించుకున్నట్టు నటించాడు. వాడు నటించిన ప్రతిసారీ ఆమెకు నవ్వొచ్చేది. ఆ రోజు మాత్రం రాలేదు.

పోటీల రోజు పొద్దుటినుంచీ ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. గన్ను మూతికి గుడ్డ తొడగమంటే ఒకడు దానితో చెమట తుడుచుకున్నాడు. వేగం చూసి పంపిన గన్నుకు ఇంకొకడు పక్కకెళ్లి వేగం పెరిగేలా మర బిగించుకున్నాడు. మళ్లీ మీటరు పెట్టి చూస్తానంటే, "నా మీద నమ్మకం లేదా వదినా?" అని నొచ్చుకున్నాడు. చెప్పుల షాపాయన వల లోపల మాస్క్ తీసేసి భార్యతో ఫొటో దిగుతున్నాడు. అదేమిటండీ అంటే, మాస్క్‌లో ఉంటే నేనే అని ఎలా తెలుస్తుందమ్మా అన్నాడు. బతిమాలింది, కేకలేసింది, హారన్ నొక్కింది. నొక్కి నొక్కి బొటనవేలు వాచింది. అయినా సరే, ఒక్కరికీ ఒక్క కన్నూ పోకుండా ఫైనల్ దాకా లాక్కొచ్చింది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. జరగని ప్రమాదం ఎవరికి కనబడుతుంది?

ఫైనల్ గడియారాలవాళ్ల జట్టుకూ బేకరీవాళ్ల జట్టుకూ మధ్య. చిన్నముల్లు గన్ను భుజాన వేసుకుని అన్నగారి ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. అప్పుడే ముఖ్య అతిథి కారు దిగాడు. సోఫా బాబాయ్ ఎదురెళ్లి, దండ వేసి, తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టి నేరుగా వదిన దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, ఆ హారన్ ఇలా ఇవ్వు."

"ఎందుకండీ?"

"అంత పెద్దమనిషి వచ్చాడు. ఫైనల్లో పాం పాం ఏమిటమ్మా? నవ్వులాటగా ఉంటుంది. మెళ్లో ఈల ఉందిగా."

"ఈల ఊదలేనని మీకు చెప్పానండీ. షాపుకొచ్చి మరీ చెప్పాను. గ్రూపులో పెట్టాను. ప్రాక్టీసు రోజున మీ చేతికిచ్చి చూపిస్తానంటే ఫోనొచ్చిందని వెళ్లిపోయారు."

"ఒక్క ఆటే కదా. సర్దుకో."

"హారన్ లేకుండా ఆట మొదలుపెట్టను బాబాయ్ గారూ."

ఆమె అలా అంటుందని ఆయన అనుకోలేదు. అందరూ చూస్తున్నారు. ఆయన నవ్వుతూనే ఆమె చేతిలోంచి హారన్ తీసుకుని డ్రైవరుకిచ్చి కారులో పెట్టమన్నాడు. "నువ్వు మొదలుపెట్టక్కర్లేదులే, అతిథిగారే మొదలుపెడతారు" అని జెండా తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాడు.

వెళ్లిపోదామా అనుకుంది వదిన. ఆ పసుపుపచ్చ కోటు విప్పి ఆయన ముఖాన కొట్టి షాపుకెళ్లి చీరలు ఉతుక్కుందామనుకుంది. కోటు మొదటి గుండీ విప్పింది కూడా. అప్పటికే చిన్నముల్లు వల లోపల డ్రమ్ము వెనక కూర్చుని ఆమెకేసి చెయ్యి ఊపుతున్నాడు. బాధ్యత వదులుకోవచ్చు గానీ ఆ కన్నును ఎవరి మీద వదిలి వెళ్లడం? పళ్లు కొరుక్కుంటూ గుండీ పెట్టుకుంది. మాస్క్ దించుకుని లోపలికి నడిచింది.

జెండా ఊగింది. గోళీలు టపటపా మొదలయ్యాయి. అందరికంటే నిదానంగా ఆడతాడనుకున్న చిన్నముల్లు ఒక్కొక్కణ్ణీ గురిచూసి బయటికి పంపుతున్నాడు. బయట జనం పూనకం వచ్చినట్టు అరుస్తున్నారు. ముఖ్య అతిథి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చివరికి గడియారాల జట్టులో ఇద్దరు, బేకరీ జట్టులో ఒక్క బేకరీ యజమాని మిగిలారు. ఆయన టైర్ల దొంతర వెనక నక్కి, వదినకు వీపు పెట్టి కూర్చున్నాడు. అంతలో ఆయన గన్నులోంచి వచ్చిన గోళీ చిన్నముల్లు భుజం మీద చిట్లి నీలంరంగు పూసింది.

చిన్నముల్లు చెయ్యెత్తాడు, అవుట్ అన్నట్టు. వలను పట్టుకుని రాలేదు. నడిమధ్యనుంచి నడుచుకుంటూ బయల్దేరాడు. రెండడుగులు వేసేసరికి కాలు టైరుకు తట్టుకుంది. అద్దానికి ఆవిరి పట్టినట్టుంది. చెయ్యి మాస్క్ దగ్గరకు వెళ్లింది.

"వద్దురా!" అని వదిన అరిచింది. ఆ అరుపు మాస్క్ లోపలే తిరిగి ఆమె చెవుల్లోనే మోగింది. వాడు మాస్క్ నుదుటిమీదికి తోసేసుకున్నాడు. వాడికి అటూ ఇటూ గోళీలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. వాళ్ల జట్టులో మిగిలినవాడు, బేకరీ యజమాని ఒకర్నొకరు కొట్టుకుంటున్నారు. వాళ్లిద్దరి మధ్యగా చిన్నముల్లు తాపీగా, కుడికన్ను తెరుచుకుని, జనం చప్పట్లకు నవ్వుతూ నడిచి వస్తున్నాడు. "ఆపండి! ఆపండి!" గొంతు చించుకుంది. చేతులు ఊపింది. అటు చూసేవాడు లేడు. చెయ్యి హారన్ కోసం నడుముకేసి వెళ్లింది. అక్కడేమీ లేదు.

ఇక ఆలోచించలేదు. ఎడమచేత్తో మాస్క్ పైకెత్తి, ఈల నోట్లో పెట్టుకుని ఊపిరంతా కూడగట్టి ఊదింది.

మంచి స్టీలు ఈల అది. సోఫా బాబాయ్ అబద్ధం చెప్పలేదు. వల లోపలా బయటా ఒక్కసారిగా అందరూ ఉలిక్కిపడ్డారు. చిన్నముల్లు మాస్క్ కిందికి లాక్కున్నాడు. వీపు వెనకనుంచి అంత చప్పుడు వచ్చేసరికి బేకరీ యజమాని అదిరిపడి గిర్రున తిరిగాడు. వేలు ఇంకా గన్ను మీదే ఉంది.

నీలంరంగు అని మాత్రం ఆమెకు గుర్తుంది. ఆ తర్వాత కుడివైపు ఏమీ లేదు.

ఆసుపత్రిలో కంటి డాక్టరమ్మ ఆమెను దిండ్లు ఎత్తుపెట్టి కదలకుండా పడుకోబెట్టింది. కంటి లోపల రక్తం చేరిందట. దగ్గినా తుమ్మినా ప్రమాదమేనట. చూపు ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేనంది. భర్త మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు, ఇస్త్రీ చేసీ చేసీ ఎప్పుడూ వేడిగా ఉండే చేతులతో. నీకెందుకే ఈ గొడవ అనలేదు. బేకరీ యజమాని వచ్చి గుమ్మంలోనే నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన్ని ఊరుకోబెట్టడానికి ఆమెకే ఓపిక చాలలేదు.

చిన్నముల్లు అసలు లోపలికే రాలేదు. వసారాలో గోడకానుకుని కూర్చున్నాడని భర్త చెప్పాడు. చివరికి పిలిపించింది.

"ఏరా, కన్ను బాగుందా?"

"నాది బాగుంది వదినా." వాడు మంచం కాళ్ల దగ్గరే ఆగిపోయాడు. "నీ కన్ను పోగొట్టింది నేనే."

"నువ్వే" అంది వదిన. వాణ్ణి ఓదార్చే ఉద్దేశం ఆమెకు లేదు. "నువ్వొక్కడివే కాదు, అంతే. వెళ్లి షాపు తెరువు."

ఇంటికొచ్చాక బజారు మాటలు ఒక్కొక్కటే చెవిన పడ్డాయి. అందరికీ మాస్క్ మాస్క్ అని చెప్పి తనే తీసిందట. రూలు పెట్టిన మనిషే రూలు తప్పిందట. పాపం మంచి మనిషే గానీ కాస్త తొందరపాటట. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు జాలిగా చూసి, చొక్కాలు కౌంటరు మీద పెట్టి, కాలరు మరక గురించి నాలుగుసార్లు చెప్పి వెళ్లేవాళ్లు. మరక గురించి వాళ్లు చెబితే తను వింటుంది, గుర్తుపెట్టుకుంటుంది. మరి తను చెప్పింది ఒక్కరూ ఎందుకు వినలేదు? ఆ కడుపుమంట ఎవరికి చెప్పుకోవాలో ఆమెకు తెలియలేదు. సోఫా బాబాయ్ పలకరించడానికి రాలేదు. ఆయన డ్రైవరు మాత్రం ఒకరోజు హారన్ తెచ్చి కౌంటరు మీద పెట్టి, ముఖం చూడకుండా వెళ్లిపోయాడు.

సంఘం మీటింగు నాటికి కట్టు విప్పారు. కుడికంటితో చూస్తే ఇస్త్రీ ఆవిరిలోంచి చూసినట్టు ఉంది. మనుషులున్నారు, ముఖాలు లేవు. అలాగే ఉండిపోవచ్చు అని డాక్టరమ్మ చెప్పింది. వద్దంటే వద్దని భర్త అన్నా వినకుండా వదిన మీటింగుకు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ ఎందుకో హారన్ సంచిలో వేసుకుంది.

సోఫా బాబాయ్ మైకు ముందు నిలబడి పోటీలు దిగ్విజయంగా జరిగాయన్నాడు. ముఖ్య అతిథి ఎంతో మెచ్చుకున్నారన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"చివర్లో చిన్న అపశ్రుతి. మన భద్రత చూసే అమ్మాయే మైదానంలో మాస్క్ తియ్యడం దురదృష్టకరం. నేను ఆమెను తప్పుపట్టడం లేదు. ఇకమీదట భద్రత చూసేవాళ్లు ఎట్టి పరిస్థితిలోనూ మాస్క్ తియ్యకూడదని తీర్మానం చేద్దాం. ఎవరికైనా ప్రశ్నలున్నాయా?"

హాలు హాలంతా కాళ్లకేసి చూసుకుంది. వదిన మాత్రం తలెత్తుకునే కూర్చుంది. ఎన్నో మాటలు గొంతుదాకా వచ్చాయి. అన్నీ ముందే చెప్పిన మాటలే. మళ్లీ చెప్పడానికి ఆమెకు సిగ్గనిపించింది.

ఏకగ్రీవం అనబోతూ సోఫా బాబాయ్ నోరు తెరిచాడు. వెనక వరసలో కుర్చీ కదిలింది. చిన్నముల్లు లేచాడు. అలవాటు ప్రకారం నిదానంగానే ముందుకు నడిచాడు. చేతిలో సంచి ఉంది. అందులోంచి మాస్క్ తీసి బల్లమీద పెట్టాడు. ఎర్రతాడు ఈల దాని పక్కన పెట్టాడు. తాడుకు నీలంరంగు ఇంకా అంటుకునే ఉంది.

"నాదొక ప్రశ్నండీ" అన్నాడు. "మాస్క్ పెట్టుకుని ఈ ఈల ఎలా ఊదాలి?"

"అదేం ప్రశ్న బాబూ?"

"నాకు తెలియదండీ. మా వదినకీ తెలియలేదు. మీరు ఎంచి తెచ్చారు కదా. ఒక్కసారి ఊది చూపించండి. ఈ పని నా నెత్తిన పెడతారని తెలుసు. పెట్టండి. ముందు నేర్పించండి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సోఫా బాబాయ్ అందరివైపూ చూశాడు. దీనిలో ఏముంది అన్నట్టు మాస్క్ తీసుకుని ముఖానికి తగిలించుకున్నాడు. ఈల నోటి దగ్గరకు తీసుకెళ్లాడు.

టక్.

మైకు పక్కనే ఉండటంతో ఆ చప్పుడు హాలంతా వినిపించింది. ఆయన ఈలను పక్కనుంచి పెట్టి చూశాడు. టక్. కిందినుంచి పెట్టి చూశాడు. టక్. జనం ఇప్పుడు కాళ్లకేసి చూడటం లేదు. ఆయన ఉక్కిరిబిక్కిరయ్యాడు. ఇక దారిలేక, ఏమీ ఆలోచించకుండా, ఎడమచేత్తో మాస్క్ అంచు పట్టుకుని పైకెత్తి ఈల నోట్లో పెట్టుకోబోయాడు.

పాం!

వదిన నిలబడి ఉంది. హారన్ ఆమె చేతిలో ఉంది. సోఫా బాబాయ్ మాస్క్ సగం ఎత్తి, ఈల సగం నోట్లో పెట్టుకుని, ఆ రోజు ఆమె ఎలా ఉందో అచ్చం అలాగే ఆగిపోయాడు. బేకరీ యజమాని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

సోఫా బాబాయ్ నెమ్మదిగా మాస్క్ తీసి బల్లమీద పెట్టాడు. చెమట తుడుచుకున్నాడు. నిజంగానే బాధపడ్డట్టున్నాడు. ఆమెవైపు తిరిగి, బోలెడంత ప్రేమగా అన్నాడు.

"ఇంత ముఖ్యమైన సంగతి ముందే చెప్పొద్దూ అమ్మా!"

వదినకు ఏడుపు వచ్చింది. నవ్వూ వచ్చింది. ఆ రెంటినీ తోసుకుని అరికాలి మంట నెత్తికెక్కింది. హారన్ నొక్కింది. "అది కాదమ్మా, నేననేది..." అని ఆయన మొదలుపెట్టాడు. మళ్లీ నొక్కింది. "సంఘం తరఫున..." అన్నాడు. మళ్లీ నొక్కింది. బొటనవేలు నొప్పి పుట్టింది. చెయ్యి మార్చుకుని, ఆయన మైకు వదిలి కుర్చీలో కూర్చునేదాకా నొక్కుతూనే ఉంది.